చీమగుడ్ల కుడుములు తిన్న తొమ్మిదో తారీకు ముందూ వెనకా

హనోయి,
మొదటి నెల ఇరవయ్యో రోజు

నా లుంగ్ గ్రామంలో ఉండే శ్రీమతి నోంగ్ థి ఫిన్ గారికి,

హనోయి నుంచి న్యేమ్ థి థోవా నమస్కారాలతో రాస్తున్నది. మనకు ముఖపరిచయం లేదు. అయినా చొరవ చేస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

మీ తాయ్ తెగవాళ్ళ వంటలు రుచి చూడాలని నాకు చాలా కాలంగా కోరిక. (అబద్ధం దేనికి, రెండు నెలలుగా.) ప్రతి ఏడూ మూడో నెలలో మీరు సమాధులు శుభ్రం చేసి, పెద్దలకు పెట్టి, చీమగుడ్లతో కుడుములు చేస్తారని విన్నాను. ఈసారి తొమ్మిదో తారీకున అక్కడికి రాగలను. మీ ఇంట్లో ఒక పూట భోజనం పెడతారా? మీ పేరు నాకెవరు చెప్పారని మాత్రం అడక్కండి.

ఇట్లు,
న్యేమ్ థి థోవా

తా.క. చీమలు బతికి ఉండవు కదా?


నా లుంగ్,
మొదటి నెల ఇరవయ్యెనిమిదో రోజు

హనోయి థోవాగారికి ఫిన్ దండాలు.

మీ ఉత్తరం చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నా కుడుముల సంగతి హనోయి దాకా పాకిందంటే నాకేం ఆశ్చర్యం లేదమ్మా. ఇంకా విననివాళ్ళని చూస్తేనే ఆశ్చర్యం. తప్పకుండా రండి.

మా ముసలాయన కత్తి నడుముకి కట్టుకుని పైకొండ అడవికి పోతాడు. నల్లచీమలు కొమ్మల్లో బంతుల్లా గూళ్ళు కడతాయి. ఆ గూళ్ళు నరికి బుట్టలోకి దులిపితే బియ్యపు నూకల్లా తెల్లటి గుడ్లు రాలతాయి. వాటిని ఉల్లికాడలతో వేయించి, జిగురుబియ్యప్పిండిలో పెట్టి, లేత మేడాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తాను. ఆకుతో సహా తినాలి, ఒలిచి పారేశారంటే నేను ఊరుకోను. ఐదురంగుల జిగురన్నం ఉంటుంది. పొయ్యి మీది అటక నుంచి పోయిన పండగప్పటి మాంసం వేలాడుతోంది, పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. సారా నేనే కాస్తాను. పులియడానికి అందులో వేసే మందుకి ఇరవై రకాల అడవి ఆకులు కావాలి.

ఉంటాను,
నోంగ్ థి ఫిన్

తా.క. చీమలు బతికి ఉండవు. ఒకటీ అరా ఉన్నా మిమ్మల్ని చూసి అవే భయపడతాయి.


హనోయి,
రెండో నెల ఐదో రోజు

ఫిన్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చదివాక రాత్రంతా ఆలోచించాను. కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

పైకొండ ఎంత ఎత్తు? ఏడాదికి ఎన్ని గూళ్ళు నరుకుతారు? మీవారు ఒక్కరే ఎక్కుతారా, ఇంటి మగవాళ్ళందరూ ఎక్కాల్సిందేనా? అటక మీది మాంసం పెంచిన జంతువుదా, అడవి జంతువుదా? సారా ఎన్ని కుండలు కాస్తారు, ఎవరెవరు తాగుతారు? ఆ ఇరవై ఆకుల పేర్లేమిటి? దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ జవాబులు నేను దాచి ఉంచుకుంటాను.

ఇట్లు,
థోవా

తా.క. కాగితం గురించి ఏమీ అనుకోకండి. ఇంట్లో వేరేది దొరకలేదు. పై భాగం చింపేశాను.


నా లుంగ్,
రెండో నెల పన్నెండో రోజు

మహాగౌరవనీయులైన అధికారిణి న్యేమ్ థి థోవాగారి సముఖానికి,

నా లుంగ్ వాస్తవ్యురాలు, చట్టమంటే చిన్నప్పటి నుంచీ గౌరవం గల ఫిన్ వంగి రాసుకున్నది.

తమరు కాగితం పై భాగం చింపారు గానీ 'శాఖ' అన్న మాట మిగిలిపోయింది. దాని పక్కన ఎర్రముద్రలో సగం కూడా ఉంది. మా గ్రామపెద్ద లోక్ దాన్ని మూడుసార్లు చదివాడు, ముద్రని వాసన కూడా చూశాడు. "ఫిన్ వదినా, ఇది అసలుదే," అని కూర్చుండిపోయాడు. పైకొండ అడవి ఇప్పుడు సర్కారుదని మాకు బాగా తెలుసండి. పోయినేడు అవతలి ఊరాయన్ని కత్తితో సహా పట్టుకెళ్ళి నాలుగు రోజులు కూర్చోబెట్టారు. ఆయనతో మాకే చుట్టరికమూ లేదు.

నా పోయిన ఉత్తరంలో కొన్ని పొరపాట్లు దొర్లాయి. పైకొండ అని రాశాను, అది మా పెరటి గట్టు. చీమలు మా ఇంటికి వాటంతట అవే వస్తాయి, వచ్చినవాటిని మర్యాదగా సాగనంపుతాం. అటక నుంచి వేలాడేది మా ముసలాయన పాత కోటు. సారా అని చదివి ఉంటారు, నేను రాసింది చారు.

తమ విధేయురాలు,
ఫిన్

తా.క. మా ఆయనకి పదేళ్ళుగా మోకాళ్ళ నొప్పి. చెట్లెక్కడు. చెట్లని తలెత్తి చూడడు కూడా.


హనోయి,
రెండో నెల పంతొమ్మిదో రోజు

ఫిన్ గారికి,

మీ ఉత్తరంతో నా భయం పదింతలైంది. మొన్న మాంసం అన్నది ఇవాళ కోటు ఎలా అయింది? నా దగ్గర మీరేం దాస్తున్నారు? మీ ఇంట్లో ఏం తింటారు, ఏం తాగుతారు అన్నది నాకెంత ముఖ్యమో ఇప్పుడు చెప్పలేను. పొయ్యి వెనక కుండలున్నాయని నాకు తెలుసు. కళ్ళారా చూసినవాళ్ళే చెప్పారు. ఆ మనిషి మీ ఊళ్ళో నెలల తరబడి ఉన్నాడు.

నేను రావడం ఖాయం. చూస్తే గానీ నాకు మనశ్శాంతి ఉండదు.

థోవా

తా.క. మీ ఇంట్లో మొత్తం ఎంతమంది? ఆడపిల్లలెవరైనా ఉన్నారా? మామూలుగానే అడుగుతున్నాను.


నా లుంగ్,
రెండో నెల ఇరవయ్యైదో రోజు

అమ్మగారికి ఫిన్ కన్నీళ్ళతో,

నెలల తరబడి మా మధ్య తిరిగి కుండలు చూసిపోయిన ఆ మనిషి ఎవరో తెలియక ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. పళ్ళ డాక్టరని ఒకరంటారు, దువ్వెనలమ్మేవాడని ఒకరంటారు. లోక్ మూడు రోజులుగా తన తమ్ముడితోనే మాట్లాడటం మానేశాడు.

తమరు రావద్దండి. దారి కొట్టుకుపోయింది. వంతెన కూడా. బస్సు డ్రైవరు కూడా కొట్టుకుపోయాడనే అంటున్నారు. అయినా ఇక్కడ చూడటానికేముందని? మేము చీమలు తినం, చీమలంటే మాకు భయం. ప్యాకెట్ నూడుల్స్ తింటాం. మా తాతముత్తాతలూ అవే తిన్నారు.

విధేయురాలు,
ఫిన్

తా.క. ఇంట్లో ఎంతమందిమని అడిగారు. నేనొక్కదాన్నే. మిగతావాళ్ళెవరో నాకు తెలీదు.


హనోయి,
మూడో నెల మూడో రోజు

ఫిన్ గారికి,

బస్సు డ్రైవరు బతికే ఉన్నాడు. స్టాండుకి వెళ్ళి కనుక్కున్నాను. తొమ్మిదో తారీకు మధ్యాహ్నానికి దిగుతాను.

థోవా

తా.క. నాకూ భయంగానే ఉంది.


హనోయి,
మూడో నెల పదిహేనో రోజు

ప్రియమైన వదినగారికి,

అవును, వదినగారనే రాస్తున్నాను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ చెప్పాలని నోటిదాకా వచ్చి ధైర్యం చాలలేదు. ఆ రోజు మీరేమనుకున్నారో మీరు చెప్పారు. నేనేమనుకున్నానో ఇప్పుడు వినండి.

బస్సు లోయ అంచున పోతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాను. దిగేసరికి ఊరు మూగబోయి ఉంది. మిట్టమధ్యాహ్నం ఒక్క ఇంటి కప్పు మీదా పొగ లేదు. కోడి కూత లేదు. గుంజల మీద నిలబడ్డ ఆ ఇళ్ళన్నీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. మీరు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపల నాకు గిన్నెడు నూడుల్స్ పెట్టారు. సగం నా ఒళ్ళోనే పోశారు. 'అయిపోయింది, నేనెవరో వీళ్ళకి తెలిసిపోయింది, ముద్ద అన్నం కూడా పెట్టకుండా తరిమేస్తారు' అనుకున్నాను.

నాకు వేసిన చాప పక్కన దుప్పటి కప్పిన బుట్ట ఉంది. దాన్ని చూసి మీరు మూడుసార్లు మొహం తిప్పుకున్నారు. రెండు నూడుల్స్ మింగానో లేదో నా మెడ మీద ఏదో పాకింది. తర్వాత చెవి వెనక. తర్వాత వీపు మీద ఒకటి కాదు, ఊరేగింపు. నేను కేక పెట్టాను. మీరు నా కాళ్ళ మీద పడ్డారు.

"తప్పైపోయింది అమ్మగారూ! మేమే దాచాం!"

దాచారని నాకు తెలుసు. మీ అమ్మాయిని దాచారని నా ఉద్దేశం.

"ఎన్నాళ్ళుగా సాగుతోంది ఇది?" అన్నాను.

"మా ముత్తాతల కాలం నుంచండీ!"

"నేనడిగేది ఈ ఇంటి సంగతి."

"ఈ ఇంట్లోనూ ఏటా ఉన్నదేనండీ. ఏటా ఈ నెలలోనే."

ఏటా! అంటే ఏడాదికొక కుర్రాడు కాబోలు.

"ఇప్పటికి ఎంతమంది?"

"లెక్కేముందండీ, వేలల్లోనే! గూళ్ళంటారా, పోయినేడు పదకొండు, ఈ ఏడు ఏడే. ఒట్టు, ఏడే!"

"పట్టేది ఎవరు?"

"మా ముసలాయనేనండీ. చెట్టెక్కి పడతాడు. ఆయన్ని తీసుకుపోకండి, కావాలంటే నన్ను తీసుకుపోండి!"

అప్పుడు నాకు కొంచెం అనుమానం వచ్చింది. మా అబ్బాయి చెట్టు మీద దొరికినవాడు కాదు.

నేను అడవి శాఖ మనిషిని కాననీ, గొడుగుల తయారీ శాఖలో గుమాస్తాగా చేసి మానేశాననీ, ఆ కాగితాలు అప్పటి మిగులనీ చెప్పగానే మీరు ఏడుస్తూ నవ్వారు. పందుల దొడ్డి వెనక నుంచి మీవారు లేచారు. అటక మీది కోటు మాంసమై ధాన్యపు గాదెలోంచి వచ్చింది. సారా కుండల్ని లోక్ గారు తన దుప్పట్లో చుట్టి పసిబిడ్డల్లా ఎత్తుకొచ్చారు. పెరటి గుమ్మంలోంచి ఒక అమ్మాయి ఒడినిండా మేడాకులతో వచ్చి, నన్ను చూసి ఎర్రబడి, నా వీపు మీది చీమలన్నీ ఏరింది. ఒక్కదాన్ని కూడా చంపలేదు. గమనించాను.

ఇక నిజం చెప్తాను. మా ఖాంగ్ నా ఒక్కగానొక్క కొడుకు. పోయినేడు మీ దారి కొలతలకని వచ్చి మీ ఊళ్ళో నాలుగు నెలలున్నాడు. ఇంటికి తిరిగొచ్చిన రోజు, వాడికిష్టమని చేపల పులుసు చేసి పెట్టాను. ఒక ముద్ద తిని, "అమ్మా, ఇందులో ఏదో తక్కువైంది," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ వయసులో మొదటిసారి. ఏం తక్కువైందిరా అంటే కొండల వైపు చూశాడు. తర్వాత మీ ఊరి నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. నేను తెరవలేదు, అంత దిగజారలేదు. కవరు మాత్రం దీపానికి పట్టి చూశాను. ఏమీ కనిపించలేదు. వెనక మాత్రం 'నోంగ్ థి ఫిన్ ఇల్లు' అని ఉంది. వాడు అక్కడే ఇల్లరికం ఉండిపోతాడేమో, కొండలెక్కి గూళ్ళు నరుకుతాడేమో, తాగి లోయలో పడతాడేమో అని నాకు కంటి మీద కునుకు లేదు. అందుకే అన్ని ప్రశ్నలు.

మీ కుడుము మొదటిది కళ్ళు మూసుకుని కొరికాను. ఆకు కాస్త వగరు, పిండి మెత్తన. ఆ తర్వాత పళ్ళ కింద సన్నగా చిట్లుతూ వెన్నలాంటి కమ్మదనం. వాడికి నా దగ్గర తక్కువైంది ఇదేనని అర్థమై ఒళ్ళు మండింది. ఇంకోటి తీసుకున్నాను. మొత్తం తొమ్మిది తిన్నాను. తొమ్మిదీ కోపంతోనే తిన్నాను.

తిరుగు బస్సులో కళ్ళు తెరుచుకునే ఉన్నాను. వాడు మీ దగ్గరే ఉంటానంటే ఉండనివ్వండి. ఇలా రాయడానికి నాకు ఐదు కాగితాలు పట్టాయి. నా కొడుకుని మీకిచ్చేస్తున్నాను వదినగారూ. చెట్లు మాత్రం ఎక్కించకండి.

మీ వియ్యపురాలు,
థోవా

తా.క. అమ్మాయి మిమ్మల్ని 'పా, పా' అని పిలుస్తుంటే ఎంత ముచ్చటేసిందో! మీ భాషలో అమ్మ అనేగా?


నా లుంగ్,
మూడో నెల ఇరవయ్యెనిమిదో రోజు

థోవాగారికి ఫిన్ నమస్కారాలు.

వదినగారని పిలవకండి. మీరు అలా పిలిచినందుకే నా ప్రాణం మీదికి వచ్చింది.

మీ ఉత్తరం వచ్చిన పూటే మా ముసలాయన నా కళ్ళజోడు మీద కూర్చున్నాడు. అద్దాలు రెండూ పోయాయి. మెట్ల మీద ఆడవాళ్ళం ఐదారుగురం వెదురుకొమ్ములు ఒలుస్తున్నాం. మా అందరిలో గడగడా చదవగలిగేది పై ఇంటి ముయి. "ఇలా ఇవ్వక్కా, నేను చదువుతా," అని అందుకుంది. గట్టిగా మొదలెట్టింది. నేను మీ కాళ్ళ మీద పడ్డ చోట అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. 'మా ఖాంగ్' అన్న చోట ముయి గొంతు తగ్గింది. మాతో కూర్చున్న ఏన్ అనే పిల్ల చేతిలోని కత్తి వదిలేసి ఇంటి వెనక్కి పరుగెత్తింది. ముయి మిగతాదంతా పెదాలు కదపకుండా చదువుకుంది.

థోవాగారూ, మాకు కూతురు లేదు. ముగ్గురూ కొడుకులే. పోస్టాయన కొండెక్కడు, పై ఇళ్ళ ఉత్తరాలన్నీ మా ఇంట్లోనే పడేసి పోతాడు. అందుకని వాళ్ళు రాసే కవర్ల మీదా మా ఇంటి పేరే ఉంటుంది. 'పా' అంటే పెద్దమ్మ. మీ వీపు మీద చీమలు ఏరిన పిల్ల ఏన్. ఆ పిల్ల తల్లి ఈ ముయి.

మగపెళ్ళివారు పిల్ల ఇంటి మెట్లెక్కకుండా కింది ఇంట్లో రెండు రోజులు ఉండి తొమ్మిది కుడుములు తినిపోతే ఏ తల్లి ఊరుకుంటుంది? ఏన్ వదిలేసిన కత్తి ముయికి దగ్గరగా ఉంది. మెల్లిగా కాలితో నా వైపు లాక్కున్నాను.

"ఫిన్ అక్కా," అంది.

"నాకేం తెలీదే ముయీ. నేను చదవలేదు."

"ఈవిడ కొడుకుని ఇచ్చేస్తానంటోందా?"

"నువ్వే కదే చదివావు!"

"ఏడాది నుంచి దీన్ని హనోయి పంపేయడానికి మనసు రాయి చేసుకుంటున్నా. ఎవరూ చూడకుండా పొయ్యి ఊదుతున్నట్టు ఏడుస్తున్నా. మా ఆయనకి పొగే అని చెప్పా. ఈవిడ చూస్తే కొడుకునే పంపేస్తానంటోందే!"

అని మెట్టు మీద కూలబడి, ఒలిచిన కొమ్ముల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. మేమూ ఏడ్చాం. ఎందుకో తెలియకుండానే లోక్ కూడా వచ్చి ఏడ్చాడు. అప్పుడు ఇంటి వెనక నుంచి ఏన్ గొంతు వినిపించింది.

"మమ్మల్ని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేది? నాకు బాక్ కాన్‌లో బడి ఉద్యోగం వచ్చింది. ఆయనకీ అక్కడికే బదిలీ. ఇల్లు కూడా చూసుకున్నాం."

అదండీ సంగతి. బాక్ కాన్ మీకూ మాకూ మధ్యలో ఉంది. మీరు ఇవ్వడానికీ, ముయి పంపడానికీ ఎవరి పిల్లలూ మిగల్లేదు. ముయి మొహం తుడుచుకుని, "అయితే నేనూ ఆవిడా కలిసి ఏడవచ్చు," అంది. ఆ మాటతో కాస్త తేరుకుంది.

ఐదో నెల ఐదో రోజు పండగకి మీరు ముయి ఇంటికి రావాలి. వంటంతా ఆవిడే చేస్తుంది. ఆవిడ వంట మా ఊళ్ళోనే అద్భుతం. నాకు కళ్ళజోడు లేదు కాబట్టి నేను చెప్తుంటే ఈ ఉత్తరం రాసిపెడుతున్నది కూడా ఆవిడే.

మీ స్నేహితురాలు,
ఫిన్

తా.క. పై మాటలన్నీ ఫిన్ అక్క తన నోటితో చెప్పినవే. నేను ఒక్క మాటా కలపలేదు. — మీ అసలు వియ్యపురాలు, లుక్ థి ముయి

ఇంకో తా.క. (నా చేత్తోనే, కళ్ళజోడు లేకుండా. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకోండి.) ముయి నీళ్ళకి వెళ్ళింది. ఆవిడ మంచి మనిషి, కానీ ఆవిడ పెట్టే పుల్లటి వెదురుకొమ్ముల కూర తిని నా రెండో కొడుకు వారం రోజులు నన్ను కూడా గుర్తుపట్టలేదు. మీరు ఒక రోజు ముందే దిగండి. మా ఇంట్లో కడుపు నిండా తిని, అప్పుడు పైకి వెళ్ళండి. ఆకలి లేదని ఒక్క ముద్దతో లేవచ్చు. తినేటప్పుడు మాత్రం నవ్వుతూ తినండి, ఆవిడ కళ్ళలోకే చూస్తుంది. ఈ సంగతి ఎవరికీ చెప్ప

మెట్ల మీద బిందె చప్పుడు. కవరు అంటించేస్తున్నా